మంట పుట్టదు, మచ్చ పడదు: అనిలీన్ గురించి కొరుక్కుపేటలో చేసిన ప్రసంగం

చెన్నై కొరుక్కుపేటలో భద్రతా వారోత్సవాల ఆదివారం నాడు తెలుగు కార్మిక కుటుంబాల కోసం జరిగిన సభలో, రసాయన పరిశ్రమల్లో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరైన వక్త మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందుకు రండి. ఇక్కడ చాప పరిచే ఉంది. ఈ మైకు మీద నాకు నమ్మకం లేదు, నా గొంతు మీద అంతకన్నా లేదు.

లోపలికి వస్తుంటే ఒక పెద్దాయన, "ఏం సార్, గ్యాసు గురించేనా?" అని అడిగారు. గ్యాసు గురించి కాదండీ. గ్యాసంటే మనకి భయం ఉంది, ఉండాలి కూడా. 1984లో భోపాల్ చూశాం. 2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది పోయారు. మొన్న 2023 డిసెంబరు 26న అర్ధరాత్రి పక్కనే ఎన్నూరులో అమ్మోనియా. ఇక్కడున్నవాళ్లలో ఆ రాత్రి పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తినవాళ్లు ఉండే ఉంటారు. ఎందుకు పరుగెత్తారు? ముక్కు చెప్పింది, కాళ్లు విన్నాయి.

ఇవాళ నేను చెప్పబోయేది ముక్కు సరిగా చెప్పని సరుకు గురించి. చేతికి తగిలితే మండదు. బొబ్బ రాదు. మచ్చ కూడా పడదు. యాసిడ్ చుక్క పడితే ఎవడైనా ఎగిరి గంతేసి నీళ్ల కుళాయి కింద చెయ్యి పెడతాడు. ఇది పడితే? ప్యాంటుకి తుడుచుకుంటాడు. అంతే. తుడుచుకుని పనిచేసుకుంటాడు. ఆ తుడుచుకోవడం గురించే ఇవాళ నా ప్రసంగమంతా.

అనిలీన్. ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. సరే, కొద్దిమందే. మిగతావాళ్లు వినకపోయినా, దానితో తయారైన వస్తువు లేని ఇల్లు మీలో ఒక్కరికీ లేదు. మీ ఫ్రిజ్జు తలుపు లోపల గట్టి నురుగు ఉంటుంది చూడండి, చల్లదనం పోకుండా పట్టి ఉంచేది. దాని మూలం అనిలీనే. అనిలీన్‌ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి, తర్వాత ఫాస్జీన్ అనే గ్యాసు దగ్గరికి పంపి, ఎండీఐ అనే పదార్థం చేస్తారు. ప్రపంచంలో తయారయ్యే అనిలీన్‌లో సింహభాగం అక్కడికే పోతుంది. ఇక టైర్లు. తిరువొత్తియూరు నుంచి శ్రీపెరుంబుదూరు, ఒరగడం దాకా మన ఊరు టైర్ల ఊరు. రబ్బరు త్వరగా ఉడకడానికి, ఎండకి పగలకుండా ఉండడానికి వేసే మందుల్లో చాలావాటికి ఇదే తల్లి. మీ జీన్సు ప్యాంటు నీలం కూడా దీన్నుంచే. ఏదీ అనిలీన్‌గా మన ఇంటికి రాదు, వేషం మార్చుకుని వస్తుంది. అందుకే దీన్ని మధ్యంతర రసాయనం అంటారు. ఫ్యాక్టరీలో పుట్టి ఫ్యాక్టరీలోనే ఇంకోటిగా మారిపోతుంది. కొన్నవాళ్లకి దాని బాధ లేదు. చేసినవాళ్లకీ, మోసినవాళ్లకీ, దించినవాళ్లకీ ఉంది. అంటే మీకు.

ఎలా ఉంటుందంటే, కొత్తగా తీసినప్పుడు నీళ్లలా రంగు లేకుండా, కాస్త నూనెగా ఉంటుంది. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ పసుపు, ఆ తర్వాత గోధుమరంగు. వాసన కుళ్లిన చేప వాసన అని పుస్తకాల్లో రాస్తారు. కాశిమేడు పక్కన కాపురముంటున్న మనకి ఆ గుర్తు ఏం పనికొస్తుందో ఆ రాసినవాళ్లకే తెలియాలి! 184 డిగ్రీల దగ్గర గానీ మరగదు. కాబట్టి డ్రమ్ము మూత తీయగానే గుప్పున పైకి లేవదు, కళ్లు మండించదు. 70 డిగ్రీలకి వేడెక్కితే మాత్రం నిప్పు అంటుకునేంత ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు, కిందే పాకుతుంది, గుంటల్లో చేరుతుంది. నీళ్లలో సరిగా కరగదు, లీటరుకి సుమారు 35 గ్రాములు, అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కడుక్కోవడం గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తాను.

ఇంకోటి, స్టోర్సులో పనిచేసేవాళ్ల కోసం. దీన్ని నైట్రిక్ యాసిడ్ పక్కన పెట్టకండి. ఘాటైన నైట్రిక్ యాసిడూ ఇదీ కలిస్తే అగ్గిపుల్ల అక్కర్లేదు, వాటంతటవే అంటుకుంటాయి. 1940ల్లో అమెరికావాళ్లు ఈ జోడీతోనే రాకెట్లు ఎగరేశారు. సూళ్లూరుపేట నుంచి వచ్చినవాళ్లు నవ్వుతున్నారు, వాళ్లకి రాకెట్లు కొత్త కాదు. గోడౌన్లో మాత్రం ఎగరేయొద్దు. ఇత్తడి వాల్వు, రాగి ఫిట్టింగు కూడా పనికిరావు, తినేస్తుంది.

దీని పుట్టుక ఒక్క నిమిషంలో చెప్పేస్తాను. 1826లో ఒక జర్మన్ శాస్త్రవేత్త నీలిమందుని కాచి, ఆవిరి పట్టి దీన్ని మొదట తీశాడు. తర్వాత బొగ్గు తారులో దొరికింది. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు మలేరియాకి క్వినైన్ చేద్దామని అనిలీన్‌తో కుస్తీపడుతుంటే క్వినైన్ రాలేదు, ఊదారంగు వచ్చింది. ఆ రంగుతో కోట్లు సంపాదించాడు. రంగుల ఫ్యాక్టరీలు వెలిశాయి. చివరికి ఫ్యాక్టరీ నీలిమందు వచ్చి మన చెట్టు నీలిమందు పొలాల్ని ఊడ్చేసింది. అది వేరే కథ, ఇంకో రోజు.

ఇక అసలు సంగతి. ఒంట్లోకి వెళ్లి ఇది ఏం చేస్తుంది?

మన రక్తంలో హిమోగ్లోబిన్ ఉంది. దాన్ని ఒక బస్సు అనుకోండి, నాలుగు సీట్ల చిన్న బస్సు. ఊపిరితిత్తుల స్టాపులో ఆక్సిజన్‌ని ఎక్కించుకుని ఒళ్లంతా దింపుతుంది. సీటు అంటే అందులో ఉన్న ఇనుము. అనిలీన్‌ని కాలేయం ఇంకో పదార్థంగా మారుస్తుంది, ఆ పదార్థం వచ్చి ఈ ఇనుము తీరు మార్చేస్తుంది. ఎలాగంటే, మనవాళ్లు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటారు కదా, అలాగన్నమాట. సీటు ఖాళీగానే కనపడుతుంది, కానీ ఎవరూ కూర్చోలేరు. ఆక్సిజన్ స్టాపులో నిలబడే ఉంటుంది. ఇంతటితో అయిందా? కాలేదు. ఒక సీటు మీద తువ్వాలు పడితే మిగతా సీట్లలో కూర్చున్నవాళ్లు కూడా తమ ఊరొస్తే త్వరగా దిగరు, పట్టుకుని కూర్చుంటారు. మెదడుకి, గుండెకి దిగాల్సిన ఆక్సిజన్ దిగదు. రెండు దెబ్బలు. పాడైన హిమోగ్లోబిన్‌ని మెట్‌హిమోగ్లోబిన్ అంటారు. ఈ పేరు ఒక్కటి కంఠతా పెట్టండి. ఏదీ, అనండి. మెట్‌హిమోగ్లోబిన్. ఇంకోసారి. బాగుంది.

ఇది మామూలుగా మన అందరి ఒంట్లో నూటికి ఒక వంతు ఉంటుంది, శరీరం సర్దుకుంటుంది. 10, 15 వంతులు దాటితే పెదాలు, గోళ్లు నీలంగా తిరుగుతాయి. విచిత్రం ఏమిటంటే, అప్పటికి మనిషికి పెద్ద బాధ ఉండదు. "బాగానే ఉన్నాను" అంటాడు. 20, 30 దాటితే తలనొప్పి, కళ్లు తిరగడం, మెట్లెక్కితే ఆయాసం. 50 దాటితే స్పృహ తప్పుతుంది, ఫిట్సు వస్తాయి. 70 దాటితే బతకడం కష్టం.

ఇదంతా చర్మం లోంచి వెళ్తుంది. మళ్లీ చెబుతున్నాను, చర్మం లోంచి. పని చేసేచోట గాలిలో పది లక్షల పాళ్లకి 2 పాళ్లు మించకూడదని ఒక హద్దు వాడుకలో ఉంది. ఆ హద్దు పట్టికలో అనిలీన్ పక్కన "చర్మం" అని ఒక గుర్తు కూడా ఉంటుంది. దానర్థం గాలి ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు, చేయి తడిస్తే లెక్క తప్పుతుంది అని. మాస్కు పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉంటారు. మాస్కు ముక్కుకి. తొడకి ఎవరు మాస్కు పెడతారు? పైగా చెమట పట్టిన చర్మం మరీ ఎక్కువ పీలుస్తుంది. మే నెలలో చెన్నైలో చెమట పట్టని చర్మం ఎవరికుంది?

నేను పనిచేసిన రోజుల్లో చూసింది ఒకటి చెబుతాను. కంపెనీ పేరు అడక్కండి. టాంకరు అన్‌లోడింగు. ఒక కుర్రాడు గొట్టం విప్పుతున్నాడు. లోపల మిగిలింది కారి కుడి తొడ మీద పడింది, అరచేతి వెడల్పు తడి. బనియన్ వేస్టు తీసుకుని తుడుచుకున్నాడు. తుడిచిన ఆ గుడ్డని ఏం చేశాడు? వెనక జేబులో కుక్కుకున్నాడు! మళ్లీ పనికొస్తుందని. అదే ప్యాంటుతో షిఫ్టు ముగించాడు, బస్సెక్కి ఇంటికెళ్లాడు. తొడ దగ్గర ఒకటి, వెనక ఒకటి, రెండు చోట్ల పీలుస్తూనే ఉంది. ఇంటి దగ్గర స్నేహితులతో కొంచెం మందు కూడా పుచ్చుకున్నాడు. మందు దీనికి ఆజ్యం, అది కలిస్తే విషం ఇంకా ముదురుతుంది. రాత్రి అన్నం వడ్డిస్తూ వాళ్లావిడ ట్యూబులైటు వెలుగులో మొహం చూసి, "ఏందయ్యా, నేరేడుపళ్లు తిన్నావా, పెదాలు అట్లున్నయ్యి?" అంది. ఆమె ఆ మాట అనబట్టి బతికాడు. ఆస్పత్రిలో మొదట గుండె అనుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు, రంగు మారలేదు. సూదితో రక్తం తీస్తే చాక్లెట్ రంగులో వచ్చింది. అప్పుడు డ్యూటీ డాక్టరమ్మ అడిగింది, "ఎక్కడ పని చేస్తావు?" అని. మొత్తం వైద్యం ఆ ఒక్క ప్రశ్నతో తిరిగింది.

కాబట్టి డాక్టరు అడిగేదాకా ఆగకండి. మీరే చెప్పండి. "అనిలీన్ తగిలింది, మెట్‌హిమోగ్లోబిన్ చూడండి" అని చెప్పండి. డబ్బా మీది లేబులు ఫోన్‌లో ఫోటో తీసి తీసుకెళ్లండి. టాంకరు మీద నారింజరంగు పలక ఉంటుంది కదా, దాని మీద 1547 అని ఉంటే అది అనిలీన్. ప్రపంచమంతా ఇదే నంబరు. ఆ ఫోటో చాలు.

కరోనా కాలంలో వేలికి తగిలించే ఆక్సీమీటరు అందరం కొన్నాం. దాన్ని నమ్మొచ్చా? ఇక్కడ నమ్మకండి. మెట్‌హిమోగ్లోబిన్ బాగా పెరిగినప్పుడు ఆ యంత్రం తికమకపడి 85 దగ్గర ఆగిపోతుంది. మనిషి దిగజారుతున్నా 85 అనే చూపిస్తుంది. డాక్టర్లు ఒక తేలిక పరీక్ష చేస్తారు. తెల్ల ఫిల్టరు కాగితం మీద ఒక చుక్క మామూలు రక్తం, పక్కన ఒక చుక్క రోగి రక్తం. మామూలుది గాలి తగిలి ఎర్రబడుతుంది. రెండోది గోధుమరంగులోనే ఉండిపోతుంది.

మందు ఉంది. మిథిలీన్ బ్లూ. నరానికి ఎక్కిస్తారు. చాలామందికి గంట లోపే రంగు తేరుకుంటుంది. ఈ మిథిలీన్ బ్లూ 1876లో జర్మనీలో బట్టల రంగుగా పుట్టింది, అదీ అనిలీన్ సంతానమే. కానీ ఒక మెలిక. జీసిక్స్‌పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువున్నవాళ్లకి ఈ మందు ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. మన దేశంలో అలాంటివాళ్లు తక్కువేం కాదు. అనిలీన్ దగ్గర పనికి పెట్టే ముందే ఆ పరీక్ష చేయించి కార్డు మీద రాయిస్తే మంచిది. యూనియన్ వాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, అడిగి చేయించండి. ఇంకోమాట, చేపల తొట్టిలో పోసే నీలం సీసా కూడా మిథిలీన్ బ్లూనే కదా అని ఇంట్లో తాగించేవాళ్లుంటారు. వద్దు. దానికి డాక్టరు ఉన్నారు.

తగిలిన వెంటనే ఏం చెయ్యాలి? బట్టలు విప్పెయ్యాలి. అక్కడే, అప్పుడే. సిగ్గుపడితే లాభం లేదు, షవరు దగ్గర ఒక తడిక, మార్చుకోవడానికి ఒక లుంగీ కంపెనీ ఉంచాలి. తర్వాత సబ్బుతో నీళ్లు. నీళ్లలో సరిగా కరగదని చెప్పాను గుర్తుందా? అందుకే సబ్బు. వేణ్నీళ్లు వద్దు, వేడికి చర్మం ఇంకా పీలుస్తుంది. గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, జుట్టులో కడగాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు నీళ్లు. ఆ తర్వాత మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత మొదలవ్వొచ్చు. ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. బూట్లు తోలువైతే పారెయ్యాలి. కడిగితే పోదు, తోలు తాగేసి ఉంటుంది, తొడుక్కున్న ప్రతిరోజూ కొంచెం కొంచెం తిరిగిస్తుంది. చేతి తొడుగులు బ్యూటైల్ రబ్బరువి కావాలి. మందుల షాపు పల్చటి తొడుగు దీని ముందు ఎంతోసేపు ఆగదు.

ఖాళీ డ్రమ్ము. అమ్మా, ఇది ముఖ్యంగా మీకోసం. చెన్నైలో నీళ్ల సంగతి నేను చెప్పాలా? 2019 ఎండాకాలం మర్చిపోయారా? ఇంటికో డ్రమ్ము. ఆ డ్రమ్ములు ఎక్కడివి? పాత సామాన్ల అంగడివి. అంతకుముందు? ఏదో ఫ్యాక్టరీవి. ఖాళీ అని అమ్ముతాడు. బోర్లిస్తే చుక్క కారదు. కానీ పైమూత అంచు మడత ఉంటుంది చూడండి, అందులో వేలు పెట్టకండి, టార్చి వేసి చూడండి. గోధుమరంగు జిడ్డు కనిపిస్తే అది ఖాళీ డ్రమ్ము కాదు. లేబులు చించేసిన డ్రమ్ము అసలు కొనొద్దు, లేబులు ఊరికే చించరు.

ఈ నూనె తిండిలోకి కూడా వెళ్లింది ఒకసారి. 1981లో స్పెయిన్‌లో. ఫ్యాక్టరీల కోసం తెప్పించిన ఆవజాతి నూనెలో, తినడానికి వాడకుండా ఉండాలని, రెండు శాతం అనిలీన్ కలిపారు. కొందరు వ్యాపారులు దాన్ని శుద్ధి చేశామని చెప్పి ఆలివ్ నూనె పేరుతో ఇంటింటికీ అమ్మారు. 20 వేలమందికి పైగా జబ్బుపడ్డారు, వందలమంది పోయారు. అది నీలం తిరిగే జబ్బు కాదు, కండరాలు, నరాలు, ఊపిరితిత్తులు దెబ్బతినే వేరే జబ్బు. అనిలీన్ నూనెతో కలిసి ఇంకేదో అయింది. చవగ్గా దొరికే విడి నూనె కొనేముందు గుర్తొస్తే మంచిదే.

జ్వరం బిళ్ల సంగతి కూడా చెప్పాలి, నాకు ఇష్టమైన కథ. 1886లో అనిలీన్ నుంచి చేసిన ఎసిటానిలైడ్ అనే మందు పొరపాటున ఒక రోగికి ఇస్తే జ్వరం దిగింది. ఇంకేం, అమ్మేశారు. కొందరికి పెదాలు నీలం. కారణం తెలియడానికి 1948 దాకా పట్టింది. బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అని ఇద్దరు కనిపెట్టారు: ఆ మందు ఒంట్లో రెండుగా చీలుతోంది, ఎక్కువ భాగం పారాసిటమాల్‌గా మారి జ్వరం తగ్గిస్తోంది, కొంచెం అనిలీన్‌గా మారి నీలం తెస్తోంది. అలా పారాసిటమాల్ ఒక్కటే బయటికొచ్చింది.

కేన్సరు సంగతి అడుగుతారని తెలుసు. 1895లో జర్మనీలో రేన్ అనే సర్జను రంగుల ఫ్యాక్టరీ పనివాళ్లకి మూత్రాశయ కేన్సరు వస్తోందని గమనించి అనిలీన్ మీద వేలు చూపించాడు. అసలు దొంగలు దాని చుట్టాలని తర్వాత తేలింది, బెంజిడీన్, బీటా నాఫ్తైలమీన్. అలాగని అనిలీన్ కడిగిన ముత్యం కాదు. కేన్సరుపై పరిశోధించే అంతర్జాతీయ సంస్థ దీన్ని "బహుశా కేన్సరు కారకం" అనే జాబితాలో పెట్టింది. ఆ చుట్టాల్ని విడుదల చేసే రంగుల్ని 1990ల్లో జర్మనీ, తర్వాత మనమూ నిషేధించాం. అప్పుడు మన పల్లావరం, ఆంబూరు తోళ్ల వ్యాపారులు గగ్గోలు పెట్టారు. మన తెనాలి దగ్గర యలవర్రు నుంచి వచ్చిన నాయుడమ్మ గారు ఏళ్లపాటు నడిపిన అడయారు తోళ్ల పరిశోధనాలయం లాంటివి ఉండబట్టి పరీక్షలు ఇక్కడే చేయించుకోగలిగారు. షాపులో "అనిలీన్ లెదర్" అని బోర్డు చూసి భయపడకండి. పైన రంగు పూత లేకుండా అద్దిన తోలు అని అర్థం, అంతే.

చట్టం సంగతి ఒక్క ముక్క. బెంజీన్, దాని నైట్రో, అమైనో సంతానం వల్ల వచ్చే విషం 1948 ఫ్యాక్టరీల చట్టం నాటినుంచే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల పట్టికలో ఉంది. చూసిన డాక్టరు రిపోర్టు చేయాలి. "మనలో మనం సర్దుకుందాం" అనే మేనేజరు మాట వినకండి.

ఇక ఊళ్లో చేను ఉన్నవాళ్ల కోసం. మిరపకి, పత్తికి పూత రావాలని కొట్టే మందుల్లో నైట్రోబెంజీన్ ఉంటుంది. 20 శాతం అని డబ్బా మీద రాసి ఉంటుంది. అది అనిలీన్‌కి స్వయానా తల్లి. ఫ్యాక్టరీలో దాన్నుంచే అనిలీన్ చేస్తారు. రక్తంలో చేసే పనీ అదే. బాదం వాసన వస్తుంది, అందుకే పిల్లలకి మోజు. పురుగుమందు కాదు, పూతమందే కదా అని చేత్తో కలుపుతారు, కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెడతారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇది చెప్పండి. సీసా మార్చొద్దని చెప్పండి. ఎవరైనా తాగితే, "పూతమందు తాగాడు" అని డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. పురుగుమందు అనుకుని వేరే విరుగుడు ఇచ్చారంటే టైము పోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ఎవరో అమ్మ అడుగుతున్నారు. మైకు ఇవ్వండమ్మా... "మా ఆయన యూనిఫాం ఇంటికే తెస్తాడు, పాపాయి బట్టలతో కలిపి ఉతుకుతున్నాను, పర్వాలేదా?" అని.

పర్వా ఉందమ్మా. కలపకండి. ఆరు నెలల లోపు పిల్లలకి ఈ మెట్‌హిమోగ్లోబిన్‌ని సరిచేసే శక్తి పెద్దవాళ్లకున్నంత ఉండదు. 1886లో ఇంగ్లండ్‌లో ఒక డాక్టరు రాశాడు, అప్పుడే పుట్టిన పిల్లలు నీలం తిరుగుతుంటే కారణం వెతికితే గుడ్డల మీద వేసిన గుర్తు సిరా అని తేలింది. మన చాకలి గుర్తు లాంటిదే, కాకపోతే మనది జీడిగింజది, వాళ్లది అనిలీన్ సిరా. గుర్తు చిన్నదే, పిల్లల ఒంటికి అది చాలింది. యూనిఫాం కంపెనీలోనే ఉతకాలి, అది వాళ్ల బాధ్యత, రేపే మీ ఆయన చేత అడిగించండి. వాళ్లు ఒప్పుకునేదాకా ఆ బట్టల్ని విడిగా బయట బకెట్లో నానబెట్టండి, రబ్బరు తొడుగు వేసుకోండి, ఆ నీళ్లలో ఇంకేదీ ముంచకండి. గోధుమరంగు మరక ఉన్న ప్యాంటు కనిపిస్తే మాత్రం ఉతకొద్దు. ప్లాస్టిక్ సంచిలో కట్టి, తిరిగి గేటు దగ్గర సేఫ్టీవాళ్ల చేతికే ఇప్పించండి.